మీనంబాకం హోటల్లో మూడు లక్షల రొయ్య పిల్ల

మా బావ క్రీస్తుదాసు చదువు ఏడో తరగతితో ఆగింది. నేను ముత్తుకూరు హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా లెక్కల పంతుల్ని. అయినా లెక్కపెట్టడంలో నేను ఆయన కాలిగోటికి చాలను. ఈ మాట ఒప్పుకోవడం నాకేమంత ఇష్టమైన పని కాదు గానీ నిజం నిజమే. తెల్ల పింగాణీ గిన్నెలో కాసిని ఉప్పునీళ్ళు పోసి, అందులో వెంట్రుక ముక్కల్లా అటూ ఇటూ కొట్టుకునే రొయ్య పిల్లల్ని చూపిస్తే, ఆయన గిన్నెను ఒకసారి వెలుతురుకు వంచి "పన్నెండొందల నలభై" అనేవాడు. ఓసారి పంతం కొద్దీ నేనూ ఇంకో ఇద్దరూ కూచుని చెంచాతో ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టాం. పన్నెండొందల ముప్పై ఆరు వచ్చింది. "నాలుగు మీ చెంచాకి అంటుకుని చచ్చుంటాయి" అన్నాడు బావ. చెంచా తిప్పి చూస్తే మూడు కనపడ్డాయి.

ఆయన పని చేసింది సముద్రం ఒడ్డున ఉన్న ఓ హేచరీలో. తల్లి రొయ్యల చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని తొట్లలో పెంచి, చెరువుల రైతులకు అమ్మే చోటు అది. ఆ పిల్లల్ని అందరూ సీడ్ అంటారు. పంతొమ్మిదేళ్ళు అక్కడ ప్యాకింగ్ మనిషిగా ఉన్నాడు. పాలిథిన్ సంచిలో నీళ్ళూ పిల్లా పోసి, ఆక్సిజన్ పట్టించి, రబ్బరు బ్యాండు బిగించి, థర్మాకోల్ పెట్టెలో ఐసు ముక్క పక్కన కూచోబెట్టడం ఆయన ఉద్యోగం. పని చిన్నదే. కానీ ఆయన కట్టిన సంచి దారిలో విప్పుకుందనే ఫిర్యాదు పంతొమ్మిదేళ్ళలో ఒక్కటీ రాలేదు.

అంతకు ముందు, హేచరీలు ఇంకా రాని కాలంలో, సీడ్ కోసం మనుషులే కండలేరు పాయలో దిగేవాళ్ళు. దోమతెర గుడ్డతో కుట్టిన వల పట్టుకుని, రొమ్ముల లోతు నీళ్ళలో, ఆటూపోటూ చూసుకుంటూ లాగేవాళ్ళు. బావా, ఆయన స్నేహితుడు హజరత్తయ్యా ఒకే వలకు చెరో కొస. హజరత్తయ్య వాళ్ళది పొలాల కుటుంబం. వాళ్ళమ్మ కసుమూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టినవాడని ఆ పేరు పెట్టారు. మా బావ వాళ్ళకు పొలమూ లేదు, మొక్కూ లేదు, మిషన్ బడిలో అటెండరైన తండ్రి ఉన్నాడు. ఒకసారి చేప ముల్లు గుచ్చుకుని హజరత్తయ్య కాలు బుడ్డలా వాచిపోతే, మా బావ వల అక్కడే వదిలేసి, ఆయన్ను వీపున వేసుకుని బురదలో రెండు మైళ్ళు నడిచాడట. ఈ సంగతి హజరత్తయ్య చెప్తేనే మాకు తెలిసింది. బావ అడిగినవాటికి తప్ప నోరు విప్పడు, అది ఆయనకున్న పెద్ద జబ్బు.

హేచరీలో ఒక ఆచారం పెరిగింది. వ్యాను కదిలే ముందు బావ ఆఖరి పెట్టె మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, రెండు నిమిషాలు ప్రార్థన చేసేవాడు. మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఒక ఏడాది జిల్లాలో సగం రొయ్యల గుంటలు తెల్లమచ్చ రోగంతో పోయినప్పుడు, ఆయన చెయ్యి పెట్టిన సీడ్ నిలబడిందని ఎవరో అన్నారు. అంతే. ఓనర్ వెంకటేష్ గారు ఆ రోజు నుంచి బావ చెయ్యి పెట్టందే వ్యాను కదలనివ్వలేదు. ముందు కొబ్బరికాయ కొట్టించేవారు, తర్వాత బావను పిలిచేవారు. ఏ దేవుడికి ఎప్పుడు తీరికుంటుందో తెలియదు గనక ఇద్దర్నీ కట్టేసుకోవాలని ఆయన లెక్క. రైతులు కూడా ఫోన్లో "దాసన్న చెయ్యి పెట్టినాడా?" అని అడగడం మొదలుపెట్టారు. నేను ఎగతాళి చేసేవాణ్ణి. "బావా, నీ చేతికి ఐఎస్ఐ మార్కు వేయించు" అంటే నవ్వి ఊరుకునేవాడు.

చెయ్యి పెట్టడం కంటే ముందు ఇంకో పని ఉంది. అదీ ఆయనదే. సీడ్ తీసే ముందు రాత్రి, షెడ్డులో లైట్లన్నీ ఆర్పి, టార్పాలిన్లు దించి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా మూడొందలు లెక్కపెట్టి, అప్పుడు తొట్లలోకి చూడాలి. రొయ్య పిల్లకు ఒక చెడ్డ జబ్బు ఉంది. పగలు చూస్తే ఏమీ తెలియదు, చలాకీగా ఈదుతూనే ఉంటాయి. చీకట్లో మాత్రం మిణుగురుల్లా వెలుగుతాయి. మా తీరంలో దాన్ని లైటింగ్ అంటారు. లైటింగ్ ఉన్న సీడ్ గుంటలో దించితే ఇరవై రోజుల్లోపు చచ్చి తేలిపోతుంది. పక్కవాళ్ళ గుంటలకూ పాకుతుంది.

ఇక నక్షత్రం సంగతి. డిసెంబరు ఒకటో తేదీన మా వాళ్ళందరి ఇళ్ళ మీదా కాగితం నక్షత్రం ఎక్కుతుంది, లోపల బల్బుతో. బావ వాళ్ళమ్మది ఒక పట్టు ఉండేది: వెలిగించిన నక్షత్రాన్ని పాత సంవత్సరం ఆఖరి రాత్రి ఆరాధన అయ్యేదాకా ఆర్పకూడదు. కరెంటు పోతే అది దేవుడి ఇష్టం, మనంతట మనం స్విచ్చి మీద చెయ్యి వేయకూడదు. ఆ తల్లి పోయి పదేళ్ళయినా కొడుకు ఆ మాట దాటలేదు. మూడేళ్ళ కిందట హేచరీ షెడ్డు కిటికీకి కూడా ఒక ఎర్ర నక్షత్రం కట్టాడు. వెంకటేష్ గారు కాదనలేదు. చీకటి చూసే రాత్రి బావ ట్యూబులైట్లన్నీ ఆర్పేవాడు, నక్షత్రాన్ని మాత్రం వదిలేసేవాడు. చిన్న బల్బే గదా, కిటికీ దగ్గరే గదా అనుకున్నాడు. రెండు డిసెంబర్లు ఏమీ కాలేదు.

మూడో డిసెంబరులో హజరత్తయ్య ఫోన్ చేశాడు. ఊళ్ళో ఉన్న రెండు గుంటలూ తెల్లమచ్చకు పోయాక, ఆయన ముంబై దాటి కొంకణ తీరంలో ఒక గుంట కౌలుకు పట్టాడు. ఆయన భార్య పిచ్చమ్మ కూడా అక్కడే రేకుల షెడ్డులో ఉండి కూలీలకు వండి పెడుతోంది. "దాసూ, ఇది నా ఆఖరి పంట రా. ఇది పోతే మళ్ళా గుంట మొహం చూసేది లేదు. నువ్వు చెయ్యి పెట్టిన సీడే కావాల. నువ్వే చెన్నై దాకా పోయి విమానం ఎక్కించి రా" అన్నాడు. బావ మామూలుగా వ్యాను వెంట పోడు. హజరత్తయ్య అడిగాడని పోయాడు.

ఇరవై పెట్టెలు, మూడు లక్షల పిల్ల. సాయంత్రం నాలుగింటికి కట్టి, చెయ్యి పెట్టి, బయల్దేరారు. మనుబోలు దాటేసరికే వాన మొదలైంది. సముద్రంలో వాయుగుండం ఉందని రేడియో పొద్దుట్నుంచి చెప్తూనే ఉంది గానీ మా జిల్లాలో డిసెంబరు వాయుగుండాన్ని పట్టించుకునేవాడెవడు. చెన్నై ఎయిర్‌పోర్టు కార్గోకు చేరాక రాత్రి ముంబై విమానం రద్దయిందన్నారు. మళ్ళీ పొద్దున తొమ్మిదిన్నరకే. పెట్టెలు ఉంచడానికి చల్లటి చోటు లేదు, ఉన్న చోట కప్పు కారుతోంది. వ్యానుకు తెల్లవారుజామున బుచ్చిరెడ్డిపాలెం లోడు ఉంది, అది ఆగదు. వెంకటేష్ గారు ఫోన్లోనే తేల్చేశారు. "దగ్గర్లో ఏదన్నా హోటల్ చూడు దాసూ. ఏసీ రూము తీసుకో. సీడ్‌ను చల్లగా పెట్టు. ఆక్సిజన్ రేపు సాయంత్రం దాకా సరిపోతాది."

అలా మా బావ యాభై నాలుగేళ్ళ వయసులో జీవితంలో మొదటిసారి హోటల్లో దిగాడు. మీనంబాకంలో, ఎయిర్‌పోర్టు గోడ కనపడే దూరంలో, మూడంతస్తుల హోటలు. రిసెప్షన్లో ఉన్న అమ్మాయి ఇరవై పెట్టెలు చూసి భయపడింది.

"ఉళ్ళే ఎన్న సార్? వాసన వచ్చేది లేదే?"

"రొయ్య పిల్లలమ్మా. నా వేలి గోరంత కూడా ఉండవు. గమ్మున పండుకోనుండాయి."

"ఎత్తనె?" అంది ఆ అమ్మాయి.

"మూడు లక్షలు."

రూముకు ఇద్దరికే అనుమతి అని ఆ అమ్మాయి నవ్విందట. తర్వాత నేనడిగితే ఇదంతా చెప్పినప్పుడు, ఈ ఒక్క ముక్క దగ్గర మాత్రం బావ మొహం కాస్త వెలిగింది. ఆ తర్వాత చెప్పినదంతా నేల చూస్తూ చెప్పాడు.

పెట్టెల్ని మంచం చుట్టూ వరసగా పేర్చాడు. ఏసీ పద్దెనిమిదిలో పెట్టాడు. టీ తాగుదామని తలుపు పక్కన గుచ్చిన కార్డు తీసుకుని బయటికి వెళ్ళి, పది నిమిషాల్లో తిరిగొచ్చేసరికి ఏసీ ఆగిపోయి రూము ఉక్కగా ఉంది. ఆ కార్డు గుచ్చితేనే కరెంటని అప్పుడు తెలిసింది. ఈసారి తాళం కార్డు జేబులో వేసుకుని, పర్సులో ఉన్న వాగ్దానపు కార్డు తీసి ఆ చీలికలో దూర్చాడు. కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని తీసుకునే వచనం అది, ఏడాదంతా దగ్గర పెట్టుకుంటారు. మా అక్క ఏసుమణి ఆయనది చిరిగిపోకుండా ప్లాస్టిక్ వేయించింది. కరెంటు వచ్చింది. సంతోషపడ్డాడట.

వెలుతురుంటే పిల్లలు ఎగిరెగిరి ఆక్సిజన్ తినేస్తాయి. అందుకని లైట్లన్నీ ఆర్పి, మందపాటి కర్టెన్లు లాగి, కుర్చీలో కూచున్నాడు. బయట విమానాలు లేవు, వాన చప్పుడే. పదకొండు దాటాక ఒక సంచి చల్లగా ఉందో లేదో చూద్దామని మూత తీశాడు. నీళ్ళలో సన్నగా ఏదో మెరిసినట్టయింది. టీవీ కింద ఎర్ర చుక్క నీడేమో అనుకుని దాని మీద తువ్వాలు కప్పాడు. బాత్‌రూము తలుపు దగ్గర నేలబారున ఒక చిన్న దీపం ఏ స్విచ్చికీ ఆరకుండా వెలుగుతోంది, అదేమో అనుకున్నాడు. చివరికి లేచి వెళ్ళి గోడలోంచి వాగ్దానపు కార్డు పీకాడు. ఏసీ ఆగింది. ఎక్కడా చుక్క వెలుతురు లేదు. నిలబడి అలవాటు కొద్దీ మూడొందలు లెక్కపెట్టి, వెనక్కి తిరిగాడు.

మూత తీసిన పెట్టెలో సంచి వెలుగుతోంది. చేత్తో కదిపితే ఆకుపచ్చగా, అంచు నుంచి అంచుకు, ఒక్కో పిల్లా ఒక్కో నిప్పురవ్వలా.

నాకు ఫోన్ వచ్చేటప్పటికి పన్నెండు కావస్తోంది.

"రేయ్ సుశీలూ, నిద్రపోతుండావా?"

"అర్ధరాత్రి కబడ్డీ ఆడతారా బావా? ఏంది?"

"సీడ్ వెలుగుతా ఉండాది రా."

నేను మంచం మీద లేచి కూచున్నాను. హేచరీల ఒడ్డున బతుకుతున్నవాడికి ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

"అన్నీనా?"

"ఆరు పెట్టెలు తెరిచినా. ఆరూ అట్నే ఉండాయి. తప్పు నాదే రా. నిన్న రాత్రి చీకటి చూసినప్పుడు నక్షత్రం వెలుగుతానే ఉన్నింది. దాని వెలుతురులో నాకు కనపడలే."

"వెంకటేష్ సార్‌కి చెప్పినావా?"

"చెప్పినా. మూతలు పెట్టి పండుకో, పొద్దున కార్గోలో వేసి వచ్చెయ్ అన్నాడు. గుంటలో దించినాక సర్దుకుంటాదంట. వాళ్ళేమన్నా చీకట్లో చూస్తారా అంటాడు. రేయ్, హజరత్తయ్యకి చెప్పేదా, వద్దా? నువ్వు చదువుకున్నోడివి. చెప్పు."

ఆయన నన్ను సలహా అడగడం అదే మొదటిసారి. మా అక్కతో ఆయన పెళ్ళయిన పాతికేళ్ళలో నేనే ఆయన్ను అడిగేవాణ్ణి, ఇల్లు ఎటు తిప్పి కట్టాలి, అమ్మను ఏ ఆసుపత్రికి తీసుకుపోవాలి అని. ఇప్పుడు ఆయన అడిగితే నాకు మొదట కనపడింది మా అక్క. తర్వాత నెల్లూరులో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనకోడలు అబిగయీలు. ఆ ఇంట్లో నెల తిరిగితే వచ్చే జీతం ఒక్కటే. నాకు భయం వేసింది. ఇది తిప్పి తిప్పి చెప్పడం అనవసరం. భయం వేసింది, అంతే.

"బావా, నువ్వు ప్యాకింగ్ మనిషివి. సీడ్ ఆయనది, అమ్మకం ఆయనది. ఆయనే పంపమన్నాక నీకెందుకు? రేపు ఏమన్నా అయితే విమానం లేటై చచ్చిపోయిందనుకుంటారు. నోరు మూసుకుని కార్గోలో వేసి బస్సెక్కు."

"నేను చెయ్యి పెట్టినాను రా దాని మీద."

"చెయ్యి పెట్టేది నీ అలవాటు బావా. గ్యారంటీ కార్డా అది?"

అవతల థర్మాకోల్ పెట్టెకు మూత వేసిన చప్పుడు వినపడింది.

"సరే, పండుకో" అన్నాడు.

నేను పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది. పిల్లలకు బోర్డు మీద రోజుకో నీతివాక్యం రాసే మనిషిని. ఆ రాత్రి నిద్రపట్టినందుకు నా మీద నాకు కోపం ఈ రోజుకీ పోలేదు.

బావ ఒంటిగంట దాకా చీకట్లో కూచున్నాడు. ఏసీ కోసం మళ్ళీ కార్డు గుచ్చాడు. ఎలాగూ చావాల్సిన పిల్లల్ని చల్లగా ఎందుకు ఉంచాలో తనకే తెలియలేదట. అప్పుడు హజరత్తయ్యకు ఫోన్ చేశాడు. ఒక్క రింగుకే ఎత్తాడాయన, మెలకువగానే ఉన్నాడు.

"దాసూ, పొద్దున ఎన్ని గంటలకు ఎక్కిస్తుండావు?"

"ఈ సీడ్ నీకు వొద్దు రా."

"ఏమైంది? చచ్చినాయా?"

"చావలే. లైటింగ్ ఉండాది. ఇప్పుడే చూసినా."

"నువ్వు చెయ్యి పెట్టినావు గదా?"

"పెట్టినా. సరిగ్గా చూడకుండా పెట్టినా. నాదే తప్పు."

"నీళ్ళు రెడీ చేసి పదైదు రోజులైంది రా దాసూ. మనుషులు వచ్చుండారు. పిచ్చమ్మ పొద్దున గుంట కాడ దీపం పెట్టాలని ముగ్గు కూడా ఏసింది. ఇప్పుడు చెప్తుండావే. ముందే చూసుంటే ఇంకో చోట చెప్పుకునేవాణ్ణి గదా. నిన్ను నమ్మి గమ్మునున్నానే."

"అవును."

"అవును అంటావేంది రా" అని, ఇంకేమీ అనకుండా పెట్టేశాడు హజరత్తయ్య.

తెల్లవారి ఆరింటికి బావ పల్లావరం బజారుకు పోయి, అంగళ్ళు తెరిచేదాకా వానలో నిలబడి బ్లీచింగ్ పౌడరు కొన్నాడు. జబ్బు సీడ్‌ను అలాగే కాలవలో పోయకూడదు, చంపి పోయాలి. బాత్‌రూములో రెండు బకెట్లు పెట్టుకుని, ఒక్కో సంచీ విప్పి, బకెట్లో ఒంపి, పౌడరు కలిపి, కదలిక ఆగేదాకా చూసి పారబోశాడు. ఇరవై సంచులు. వెంకటేష్ గారి ఫోన్ మోగుతూనే ఉంది. తొమ్మిదిన్నరకు ముంబై విమానం లేచిన చప్పుడు బాత్‌రూములోకి వినపడింది. గది ఊడ్చే మనిషి వాసనకు వచ్చి, ఈ సారెవరో బాత్‌రూము తనే కడుక్కుంటున్నాడని మెచ్చుకుని పోయిందట. లెక్కపెట్టకుండా సీడ్‌ను చేతిలోంచి పోనిచ్చింది అదొక్కసారే అన్నాడు బావ. ఖాళీ పెట్టెలు అక్కడే వదిలేసి, వాగ్దానపు కార్డు పర్సులో పెట్టుకుని, నెల్లూరు బస్సెక్కాడు.

ఇంటికి రాలేదు. నేరుగా హేచరీకి వెళ్ళి, ఎవరితోనూ మాట్లాడకుండా స్టూలు వేసుకుని కిటికీకి ఉన్న ఎర్ర నక్షత్రాన్ని విప్పాడు. అది చంకలో పెట్టుకునే వెంకటేష్ గారి గదిలోకి పోయాడు. ఆయన అరవలేదని బావే చెప్పాడు. "నీ చెయ్యి పేరు చెప్పుకునే బయట అమ్ముకున్నా ఇన్నాళ్ళూ. ఆ చేత్తోనే నా నోట్లో మన్ను కొట్టినావు" అన్నాడట. అక్కడితో పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం అయిపోయింది. తీరం వెంబడి ఉన్న మిగతా హేచరీలకు కబురు ముందే చేరింది. తప్పు చేసినవాణ్ణయినా పెట్టుకుంటారు గానీ, రైతుకు ఫోన్ చేసి చెప్పినవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు?

ఆ ఏడు మా అక్క ఇంటి మీద కూడా నక్షత్రం వెలగలేదు. బావే ఆర్పేశాడు. అక్క ఏడ్చింది, వద్దనలేదు. క్రిస్మస్ ఆరాధనకు ఆయన వెనక బెంచీలో కూచుని, అందరికంటే ముందు లేచి వచ్చేశాడు. జనవరి నుంచి కృష్ణపట్నం పోర్టు దగ్గర బొగ్గు లారీల మీద టార్పాలిన్ పట్టాలు కట్టే పనికి పోతున్నాడు. ఈ వయసులో లారీ ఎక్కి దిగడం, మొహమంతా బొగ్గు. వెంట్రుక ముక్కల్ని లెక్కపెట్టిన చేతులు తాళ్ళు లాగి లాగి కాయలు కాశాయి. ఉద్యోగం పోయినందుకు ఆయన బాధపడలేదని నేననను, పడ్డాడు. కానీ అంతకంటే హజరత్తయ్య ఫోన్ చేయకపోవడం ఆయన్ను తినేసింది. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఫోను ఒకసారి తీసి చూసి పెట్టేసేవాడు. తనంతట తను చేయలేదు.

మార్చి ఆఖరున ఒక ఆదివారం మధ్యాహ్నం హజరత్తయ్యే వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. చిక్కిపోయి ఉన్నాడు, గడ్డం తెల్లబడింది. చెప్పులు బయట విడిచి, గుమ్మంలో నిలబడి "చెల్లా, టీ పెట్టు" అన్నాడు అక్కతో. పాతికేళ్ళుగా ఆ గుమ్మంలో ఆయన మొదటి మాట అదే. అక్క కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి పోయింది.

కూచుని చెప్పాడు. ఆ రాత్రి తర్వాత నెల రోజులు గుంట ఖాళీగా ఉందట. జనవరిలో ఇంకెక్కడో సీడ్ దొరికింది. తనే దాన్ని షెడ్డులో చీకటి చేసి, మూడొందలు లెక్కపెట్టి చూసుకున్నాడట. ఆలస్యంగా వేసిన పంట, పెద్దగా మిగిలేదేం లేదు, కానీ గుంట బతికింది. వెంకటేష్ గారి హేచరీ సీడే, తనది ఆగిపోయిన వారంలోనే, వ్యానులో ఇంకో రైతుకు పోయిందనీ, ఆయన గుంట ఇరవై రోజుల్లో తేలిపోయిందనీ ఎవరో ఫోన్లో చెప్పారట.

"ఆ రాత్రి నీ మీద కోపం రా దాసూ. చాన్నాళ్ళు ఉన్నింది. మొహం చెల్లక ఫోన్ చెయ్యలే" అన్నాడు. బావ తల ఊపాడు.

హజరత్తయ్య నా వైపు తిరిగాడు. "అయ్యవారూ, నాకు చెప్పే ముందు మీకు ఫోన్ చేసినాడంట గదా. ఇందాక ఓనర్ మాటలు చెప్పేటప్పుడు దాసు నోరు జారినాడు. మీరేమన్నారు?"

అక్క టీ గ్లాసులతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఆమెకు నేను ఏమీ చెప్పలేదు. బావ చెప్పాడో లేదో నాకు తెలియదు. నిజం చెప్పడానికి నాకు ఒక్క క్షణం చాలు, ఆ క్షణం నేను ఊరికే కూచున్నాను.

"వాడే చెప్పమన్నాడు రా" అన్నాడు బావ. "నాకు యాడ ధైర్యం. ఉద్యోగం పోతే పోనీ, ముందు హజరత్తన్నకి ఫోన్ చెయ్యి బావా అన్నాడు."

హజరత్తయ్య లేచి నా దగ్గరికి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. ఆయన అరచేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. "జూన్లో మళ్ళా సీడ్ దించుతుండా అయ్యవారూ. మీరు రావాల. గుంట కాడ మీరు చెయ్యి పెట్టాల" అన్నాడు. నేను బావ వైపు చూశాను. ఆయన టీ గ్లాసులోకి చూస్తున్నాడు. రొయ్య పిల్ల విషయంలో అబద్ధం ఆడలేక పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం వదులుకున్న మనిషి, నా కోసం అక్కడే, అక్క ముందే, ఆ అబద్ధం ఆడేశాడు. నేను టీ తాగాను.

ఆయన వెళ్ళాక అడిగాను, ఎందుకలా చెప్పావని.

"నువ్వు మీ అక్క కోసం అన్నావులే" అన్నాడు బావ. పట్టాలు కట్టే తాడు చిక్కు తీసుకుంటూ కూచున్నాడు.

హజరత్తయ్య ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు, రైలు టిక్కెట్టు ఏ తేదీకి తియ్యాలని. బడి పనని ఒకసారి, జ్వరమని ఒకసారి చెప్పాను. మూడోసారి చెప్పడానికి సాకు దొరకలేదు. అందుకే ఇది రాశాను. ముందు ఆయనకే పంపుతాను. చదివాక కూడా రమ్మంటే పోతాను. చెయ్యి మాత్రం పెట్టను, ఆ పనికి మా బావను వెంటబెట్టుకుని పోతాను.